దయ్యాల బంగ్లాలో పెద్దమ్మ శిగం

కేసముద్రం దగ్గర చిన్న ఊళ్లో మా పెద్దమ్మ శివసత్తి. అంటే ఎల్లమ్మ తల్లి ఆమె ఒంటి మీదికి వస్తుంది. అట్లా వచ్చినప్పుడు ఊగడాన్ని మా వైపు శిగం అంటారు. శిగంలో ఉన్నంతసేపూ ఊరంతా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది, అడగాల్సినవన్నీ అడుగుతుంది. శిగం దిగాక అదే ఊరు ఆమెను ‘నీళ్ల ట్యాంకు కాడ బిందె అడ్డం తియ్యి’ అని కసురుతుంది. పెద్దమ్మకు ఇందులో వింతేమీ కనపడదు.

నేను ఇవేవీ నమ్మను. మహబూబాబాద్‌లో ఒక ల్యాబులో రక్తం తీసే పని నాది. పొద్దున లేస్తే సూదులు, గొట్టాలు, ‘అక్కా నొప్పి పెడతదా’ అని అడిగే మీసాల మగవాళ్లు. మనిషి లోపల ఏముంటుందో రోజూ చూస్తాను. కొవ్వు, చక్కెర, అప్పుడప్పుడు మలేరియా. దేవతలెవరూ ఇంతవరకు రిపోర్టులో రాలేదు. కానీ పెద్దమ్మ అంటే నాకు ప్రాణం. మా అమ్మ కూలికి పోయిన రోజుల్లో నా తలలో పేలు చూసింది, జడ వేసింది, ఏడిస్తే తిట్టి బడికి తోలింది ఆమే.

నిరుడు పెద్దమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. వరంగల్ తీసుకుపోయాం, స్టెంటు వేశారు. డాక్టరు సంతోషపడ్డాడు, మేం సంతోషపడ్డాం. ఎల్లమ్మ మాత్రం సంతోషపడినట్టు లేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా రాలేదు.

ఊళ్లో బోనాలప్పుడు డప్పులవాళ్లు చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టారు. పెద్దమ్మ కళ్లు మూసుకుని నిలబడింది. చివరికి వాళ్లే అలిసిపోయి చాయ్ తాగడానికి పోయారు. కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి వచ్చింది. జలుబు చేసింది తప్ప ఏమీ కాలేదు. ఆమె గడపకు వచ్చే జనం మెల్లగా పక్క ఊరి శివసత్తి గడపకు పోవడం మొదలుపెట్టారు. దానికి పెద్దమ్మ బాధపడలేదు. ఆమె బాధ వేరే.

“లోపల ఇనుము పెట్టుకున్నంక అమ్మ ఎట్ల వస్తది బిడ్డా? ఆమె కూసునే జాగల సామాను పెట్టిండ్రు” అంది.

“అది ఇనుము కాదు పెద్దమ్మా, మంచి లోహం” అన్నాను.

“మంచిదైతే ఏంది. అడ్డమేనాయె.”

మాట అక్కడితో ఆగేది. కానీ కొన్నిసార్లు ఆమె ఒంటరిగా కూర్చుని, రొమ్ము మీద చేయి పెట్టుకుని, తలుపు కొట్టి లోపలివాళ్లను పిలిచినట్టు మెల్లగా తడుతూ ఉండేది. డాక్టరు దగ్గర చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు కూడా అదే పని.

ఆ వచ్చినప్పుడే మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. ఎగ్జిబిషన్ అట. జెయింట్ వీల్ అట, మృత్యుబావి అట. అన్నిటికంటే ముఖ్యంగా, జనగామను, భూపాలపల్లిని వణికించి వచ్చిన దయ్యాల బంగ్లా అట. పెద్దలకు మాత్రమే, గుండె ధైర్యం ఉన్నవాళ్లకు మాత్రమే అని ఆటోవాడు గొంతు చించుకుంటున్నాడు. పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆగిపోయింది.

“అండ్ల నిజంగ దయ్యాలుంటయా?”

“మనుషులే పెద్దమ్మా. వేషాలేసుకుంటరు.”

“ముప్పై ఏండ్ల సంది దయ్యాలను ఎల్లగొడుతున్న. ఒక్కదాన్ని కండ్లతోని చూడలె. ఏసమైతే ఏంది, చూసొస్త.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“నాకు అమ్మ గట్టిగ ఎప్పుడచ్చిన, ఎదురుంగ దయ్యం పట్టిన మనిషి ఉండేది. ఎదురుంగ దయ్యం లేకపోతె అమ్మకేం పని? ఊకె ఎందుకస్తది? దయ్యాల నడుమ నిలవడి చూస్త. గప్పుడు గూడ రాకపోతె నన్ను ఇడిసినట్టే అనుకుంట.”

ఈ వాదనలో తప్పు ఎక్కడుందో నాకు వెంటనే దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లను రానివ్వరు, వచ్చినా నేను రానివ్వను అన్నాను. పెద్దమ్మ అన్నం మానేసింది. కంచం ముందు పెడితే పక్కకు జరిపేసింది. మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోవాలి కదా, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. కోపంతో నాకు తల పగిలిపోయింది. సాయంత్రానికి నేనే ఓడిపోయాను.

ట్రాక్టరు సామాన్ల దుకాణంలో పనిచేసే మా ఆయన సంబరపడి “నేనుంట గద, నీకెందుకు భయం” అన్నాడు. ఆయన ఈ మాట అన్న ప్రతిసారీ ఆయన ఉండడు.

బంగ్లా అంటే నల్ల గుడ్డ కట్టిన రేకుల షెడ్డు. గేటు దగ్గర నల్ల టీషర్టు మనిషి ఫోన్లన్నీ తీసి సంచిలో వేసుకుంటున్నాడు. బోర్డు మీద బీపీ, గుండె జబ్బు, గర్భిణులు, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు రావద్దని పెద్ద అక్షరాలతో రాశారు. అతను పెద్దమ్మను కింది నుంచి పైదాకా చూసి, కోస్తా యాసలో, “మామ్మగారూ, గుండె బాగానే ఉందాండీ?” అన్నాడు.

“బ్రహ్మాండంగున్నది నాయినా. కొత్త సామాను ఏసిండ్రు.”

అతనికి అర్థం కాలేదు. అర్థం కానందుకు నవ్వి పంపించాడు. మా వెనక కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలు ఇద్దరు ఉన్నారు. పెద్దమ్మను గుర్తుపట్టి, “అమ్మా, నువ్వున్నవంటే మాకు ఫికర్ లేదు” అని ఆమె వెనకే చేరారు.

నల్ల టీషర్టు మాకు నియమాలు చెప్పాడు. లోపల మిమ్మల్ని ముట్టుకుంటాం, లాగుతాం, చీకట్లో వదిలేస్తాం. భరించలేకపోతే మాటలు అవసరం లేదు, రెండు చేతులూ జోడించి నెత్తి మీదికి ఎత్తండి, వెంటనే లైటు వేసి బయటికి తీసుకొస్తాం. “జనగామలో సగం మంది మొదటి గదిలోనే చేతులెత్తేశారండీ. భూపాలపల్లిలో ఇంకా ఘోరం. మీ వైపు వాళ్లకు ధైర్యం కాస్త తక్కువేనండీ” అన్నాడు. నాకు మండింది.

మొదటి గదిలోకి పోగానే సంగతి తెలిసిపోయింది. ఎదురుగా ఎర్ర లైటు కింద నాలుక చాపిన పెద్ద అమ్మవారి బొమ్మ. మెడలో పుర్రెల దండ, ముందర నిమ్మకాయలు, కుంకుమ, పొగ. మా ఆయన టక్కున చెప్పులు విడిచి, రెండు చేతులూ నెత్తి మీద జోడించి, కళ్లు మూసుకున్నాడు. ఒక హమాలీ కూడా అంతే. గదిలో ట్యూబులైటు భగ్గున వెలిగింది. ఇద్దరు మనుషులు వచ్చి వాళ్ల భుజాలు పట్టుకున్నారు.

“అయిపోయిందన్నా. రాండ్రి బయటికి.”

“అరె, నేను మొక్కుకుంటున్ననయ్యా!” అన్నాడు మా ఆయన.

“గదే అన్నా. అయిపోయింది.”

జనగామవాళ్లకు ధైర్యం తక్కువేమీ కాదు, దండం పెట్టుకున్నారు, అంతే. రెండో హమాలీ స్నేహితుణ్ణి ఒంటరిగా పంపడం బాగుండదని తనూ వెనకే వెళ్లిపోయాడు. క్వింటాలు మోసే మనిషి, వెళ్తూ వెళ్తూ తిరిగి చూడలేదు.

నేను దేవుళ్లకు చేతులెత్తను కనుక మిగిలాను. పెద్దమ్మ ఎందుకు మొక్కలేదని అడిగితే, బొమ్మను మళ్లీ ఒకసారి చూసి, “ఈమె ఎల్లమ్మ గాదు. ఎవలో తెలువకుంట దండమెట్ల పెడుత?” అంది.

మళ్లీ చీకటి పడింది. పెద్దమ్మ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. నాడి మీద వేళ్లు పెట్టి నడిచాను. నాకు భయమల్లా ఆ నాడి గురించే. కొంగు ముడిలో నాలుక కింద పెట్టే మాత్ర ఉంది, దాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాను.

రెండో గది ఆపరేషన్ థియేటరట. బల్ల మీద పొట్ట చీల్చిన మనిషి. నేల మీద, గోడల మీద రక్తం. ఆ రక్తం చూసి నాకు చిరాకు పుట్టింది. అంత ఎరుపు రక్తం ఎవరికీ ఉండదు. ఇంతసేపు బయట ఉంటే నల్లబడాలి, గడ్డ కట్టాలి. బల్ల మీది మనిషి పెద్ద కేక పెట్టి నా చేయి గుంజాడు. అలవాటు కొద్దీ నేను అతని మోచేతి మడత చూశాను. మంచి నరం. అతను నా చూపు గమనించి చేయి వదిలేశాడు.

ఆ తర్వాత సన్నటి దారి. పైనుంచి తడి వెంట్రుకలు ముఖానికి తగులుతున్నాయి. గోడల్లోంచి చేతులు వచ్చి పట్టుకుంటున్నాయి. నిజం చెప్పాలంటే నాకు అక్కడ గుండె దడదడలాడింది, ఒకసారి కెవ్వుమన్నాను కూడా. పెద్దమ్మ మాత్రం ప్రతి చెయ్యి తగిలినప్పుడల్లా ఆగి, కాసేపు ఎదురుచూసి, “రాలె” అని గొణిగి ముందుకు నడుస్తోంది. ఆ మాట వింటుంటే నాకు దయ్యాల మీద కోపం వచ్చింది. ఇంకొంచెం గట్టిగా భయపెడితే వీళ్ల సొమ్మేం పోయింది అనిపించింది.

ఇంతలో మూలలోంచి ఒకడు ఎగిరి ముందుకు దూకాడు. కోరలు, గోళ్లు, ఒంటి నిండా బూడిద. పెద్దమ్మ వెనక్కి తగ్గలేదు. దయ్యం పట్టినవాళ్లను ఎప్పుడూ అడిగే పద్ధతిలోనే అడిగింది.

“ఎవలు నువ్వు? ఏ ఊరు?”

దయ్యం గుర్రుమంది.

“ఏ ఊరు అంటున్న!”

ఆ గొంతుకు ఊళ్లో పోట్రగిత్తలు కూడా ఆగేవి. దయ్యం గోళ్లు దించింది.

“భూపాలపల్లి, అవ్వా.”

“ఎందుకచ్చినవ్?”

“డ్యూటీ.”

“ఏంగావాలె నీకు?”

“ఏమొద్దవ్వా. జర ముంగటికి నడువుండ్రి. ఎనుక బ్యాచ్ వస్తది.”

పెద్దమ్మ చిన్నబోయింది. చీకట్లో ఆమె ముఖం నాకు కనిపించలేదు, కానీ చేయి జారిపోయినట్టు మెత్తబడింది. “దయ్యమే గిట్ల మర్యాదగ మాట్లాడితె అమ్మ ఎందుకస్తది బిడ్డా” అంది. ఇంటికి పోదాం పెద్దమ్మా అన్నాను. ఇంకొక్కటే గది ఉందట, అది కూడా చూసే పోదాం అంది.

ఆఖరి గదిలో పాడె. పాడె మీద తెల్ల గుడ్డ కప్పిన పీనుగ. సాంబ్రాణి పొగకు కళ్లు మండుతున్నాయి. స్పీకర్లలో చావు డప్పు మోగుతోంది, ఎక్కడో నిజంగా చావు దగ్గర రికార్డు చేసుకొచ్చినట్టుంది. మేం దగ్గరికి పోగానే పీనుగ లేచి కూర్చుంది. జుట్టు విరబోసుకుని, సున్నం కొట్టిన ముఖంతో, గుండెలవిసేలా అరుస్తూ పెద్దమ్మ మీదికి వంగి రెండు భుజాలూ పట్టుకుంది.

అరుపు సగంలో ఆగిపోయింది.

పెద్దమ్మది పసుపు రాసిన ముఖం, రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, మెడలో గవ్వల దండ, ముడేసిన జడలు. దగ్గర నుంచి చూసేసరికి పీనుగకు పెద్దమ్మ ఎవరో తెలిసిపోయింది. పాడె దిగి, రెండు చేతులూ జోడించి నెత్తి మీదికి ఎత్తింది. చేతులెత్తినది ఎవరని చూసుకోకుండా లైటు మనిషి లైటు వేశాడు.

ట్యూబులైటు వెలుగులో ఆమెకు పాతికేళ్లకు మించవు. ముక్కుకు సన్న పుడక. గార్ల అవతల తండా పిల్లట.

“శివసత్తివి గద అమ్మా? ఒక్క మాట అడిగి చెప్పు, నీ కాల్మొక్కుత” అంది. పెద్దమ్మ ఏదో అనబోయింది. పిల్ల ఆగలేదు. “భూపాలపల్లిల ఆట నడుస్తుండంగ ఇంటికాడ మా యాడి సచ్చిపోయింది.” వాళ్ల ఇంటి మాటలో యాడి అంటే అమ్మ. “మా ఫోన్లు గూడ సంచిలనే ఉంటయి. ఆట అయినంక చూసుకున్న. ఉరికి పోయేసరికి అంత అయిపోయింది. ముఖం గూడ చూడ దొరకలె. ఆడ మా యాడి పాడె మీద ఉంటె, నేను గీడ పాడె మీద పండుకోని లేస్తున్న. మా యాడికి నా మీద కోపమున్నదా అమ్మా? గదొక్కటి అడుగు.”

అప్పటికే దయ్యాలన్నీ వచ్చేశాయి. పొట్ట చీల్చిన మనిషి, భూపాలపల్లి కోరలవాడు, గోడల్లో చేతులవాళ్లు, వెంట్రుకలు లాగేవాడు, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. చావు డప్పు ఆపాలని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

పెద్దమ్మ ఆ పిల్లను చూసింది. తర్వాత నన్ను చూసింది. కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. నేను మణికట్టు మీద వేళ్లు బిగించాను.

ముందు కాలి వేళ్లు కదిలాయి. తర్వాత మోకాళ్లు, భుజాలు. నా చేతిని విసిరికొట్టింది. జడలు విడిపోయాయి. గొంతులోంచి ఒక కూత వచ్చింది, నేను చిన్నప్పుడు విన్న కూతే. డప్పు దెబ్బకు సరిగ్గా ఊగుతోంది. “అమ్మచ్చింది, అమ్మచ్చింది” అన్నారు దయ్యాలు. పొట్ట చీల్చిన మనిషి పేగులు ఒక చేత్తో పట్టుకుని మొదటి గదికి పరుగెత్తి, బొమ్మ ముందున్న నిమ్మకాయలు, కుంకుమ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆ బంగ్లాలో అసలైన వస్తువులు ఆ నిమ్మకాయలే.

“పిల్లా!” అంది పెద్దమ్మ. అది పెద్దమ్మ గొంతు కాదు. “నీ అవ్వకు కోపం లేదు. ఆకలున్నది. ఎవలెంత పెట్టిన తినలె, నీ చేతి బువ్వ కోసం చూస్తాంది. పో, ఇంటికి పో. నీ చేత్తోని వండి పెట్టు. పెట్టినంక కడుపు నిండ ఏడువు. నవ్వుతనే ఉన్నది నీ అవ్వ, కోపం లేదు.” ఇంకో రెండు ఊపులు ఊగి, “పీనుగ ఏషం నీకొద్దు. వేరే దయ్యం ఏషం ఏసుకో” అని, పిల్ల నొసట కుంకుమ పెట్టింది.

ఆ పిల్ల నేల మీద కూలబడి ఏడ్చింది. వాళ్ల భాషలో ఏవేవో చెప్పుకుంటూ ఏడ్చింది. ముఖం మీది సున్నం కారి మెడలోకి పోయింది. పొట్ట చీల్చిన మనిషి కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేను నమ్మను. అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, అది నాకేమీ నచ్చలేదు. మిగతా దయ్యాలు కూడా తమ తమ గోడులు చెప్పుకోవడానికి ముందుకు జరుగుతుండగా పెద్దమ్మ ఒక్కసారి వెనక్కి వాలింది. పట్టుకుని పాడె మీదే కూర్చోబెట్టాను, అక్కడ వేరే ఆసనం లేదు.

నల్ల టీషర్టు పరుగెత్తుకుంటూ వచ్చాడు. “ఏంటండీ ఇది? వెనక బ్యాచ్ అంతా ఆగిపోయింది!”

“చెప్పులిడువన్నా ముందు” అంది భూపాలపల్లి దయ్యం.

అతను ఒక్క క్షణం అందరినీ చూసి, బూట్లు విప్పాడు.

బయట మా ఆయన మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. లోపల ఏడుపు భలే సహజంగా ఉంది, సౌండు సిస్టమ్ మంచిది పెట్టారు అన్నాడు. ఆయనకు ఏమీ చెప్పలేదు. ఇంటికి రాగానే పెద్దమ్మ బీపీ చూశాను. ఎప్పటిలాగే ఉంది. అన్నం వడ్డిస్తే మారుమాట లేకుండా తినేసింది, మాత్రలు వేసుకుంది. నాకు పండగలా ఉంది. నేను నమ్మని దేవత తిరిగి వచ్చినందుకు ఇంత సంతోషమేమిటో నాకే తెలియలేదు. పక్క పరుస్తూ, “చూసినవా పెద్దమ్మా, మీ ఎల్లమ్మ స్టెంటుకు భయపడే మనిషి కాదు” అన్నాను.

పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“రాలె బిడ్డా” అంది.

నాకు అర్థం కాలేదు. “ఊగినవ్ గద?”

“ఎట్ల ఊగాల్నో నాకు తెల్వదా? ఆ పిల్ల అట్ల అడుగుతాంది. చాలసేపు చూసిన. పిలిచిన. రాలె. పిల్లను ఉత్త చేతులతోని ఎట్ల పంపుత? ఇగ నేనే చెప్పిన.” రొమ్ము మీద చేయి పెట్టుకుంది. “అమ్మ వచ్చినప్పుడు ఏం చెప్తనో నాకు యాదికుండదు. అయినంక మీరే చెప్తరు. ఇయ్యాల ఒక్కొక్క మాట యాదున్నది. ఆ పిల్ల ముక్కుపుడక గూడ యాదున్నది.”

నేను ఆమె పక్కన కూర్చున్నాను. చేయి పట్టుకున్నాను. ఏడుపొచ్చింది. పెద్దమ్మ ఏడవలేదు. ఇన్నేళ్లూ ఊరు ఊరంతా ఆమెను అడిగింది గానీ, ఆమె ఎవరినీ ఏదీ అడగడం నేను చూడలేదు. ఇప్పుడు నా ముఖంలోకి చూస్తూ, తప్పిపోయిన మనిషి దారి అడిగినట్టు అడిగింది.

“అది అమ్మ చెప్పిన మాట గాదు, నేను చెప్పింది. నిజమో అబద్ధమో నాకెట్ల తెలుస్తది? నువ్వు చెప్పు బిడ్డా. ఆ పిల్ల తల్లికి కోపం లేదు గద?”

బతికి ఉన్నవాళ్ల రక్తం తీసేదాన్ని నేను. చచ్చినవాళ్ల సంగతి నాకేం తెలుసు.

“లేదు పెద్దమ్మా” అన్నాను. “అస్సలు లేదు.”